ఆన్‌లైన్ సరే, ఖాతా ఎవరి పేరు మీద?



మదీనత్ అల్ షమాల్ ఎక్కడుందో మనలో చాలామందికి తెలియదు. దోహాలో ఉద్యోగం చేస్తున్న ఇంజనీర్లలో కూడా అటు వెళ్ళినవాళ్ళు తక్కువే. ఉత్తరంగా ఓ వంద కిలోమీటర్లు పోతే ఖతార్ అయిపోయే చోటు అది. పక్కనే అల్ రువైస్ రేవు. 2017 జూన్ 5న సౌదీ, ఎమిరేట్స్, బహ్రెయిన్, ఈజిప్టు కలిసి ఖతార్‌ని వెలివేశాయి. అబూ సమ్రా భూసరిహద్దు మూతపడింది. పాలు, కూరగాయలు, మేకలు ఏ దారిన వస్తాయా అని అంతా సముద్రంవైపు చూశారు. 2015లో తెరిచిన ఈ చిన్న రేవుకి అప్పుడొచ్చింది గిరాకీ.

ఆ గిరాకీలో మన వాటా ఎంత? ముంద్రా నుంచి, న్హవా షేవా నుంచి హమద్ పోర్టుకు నేరుగా ఓడలు మొదలయ్యాయి. గుజరాతీలు, ముంబయి వర్తకులు సిద్ధంగా ఉన్నారు, అందుకున్నారు. వాళ్ళని తప్పుపట్టేదేముంది! మనం ఏం చేశామంటే, వెలి ఎప్పుడు ఎత్తేస్తారు, జీతాలు ఆగుతాయా అని మెయిళ్ళు పంపుకున్నాం. 2021 జనవరిలో అల్ ఉలా ఒప్పందంతో వెలి ముగిసింది, మన చర్చా ముగిసింది.

సముద్రం దూరం, మన రేవులు తూర్పున ఉన్నాయి అంటారు కొందరు. అది సగం నిజమే. మిగతా సగం కాగితాల్లో ఉంది.

ఖతార్ కస్టమ్స్‌కి అల్ నదీబ్ అని ఎలక్ట్రానిక్ సింగిల్ విండో ఉంది. సరుకు డిక్లరేషన్, సుంకం, అనుమతులు అన్నీ అందులోనే. గల్ఫ్ దేశాలన్నీ 2003 నుంచి పాటిస్తున్న ఉమ్మడి సుంకం మామూలుగా 5 శాతం. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉంటుంది. ఇలాంటివి కట్టడం మన వృత్తి కాబట్టి చప్పట్లు కొడతాం కూడా. అయితే ఆ తెర వెనక ఖాతా పుట్టేది కమర్షియల్ రిజిస్ట్రేషన్ మీద. అంటే సీఆర్. దాని మీద సంతకం పెట్టే హక్కు ఎవరిదో, ఆ ఖాతా వాళ్ళది. సాఫ్ట్‌వేర్ అడిగేది ఒకే ప్రశ్న: నువ్వెవరి కంపెనీ?

షమాల్‌లో కిరాణా కొట్టు నడిపే మనవాడొకడు ఉన్నాడనుకోండి. కరీంనగర్ నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. సరుకు ఎంచేది, బేరమాడేది, పాడైతే నష్టపోయేది అతనే. సీఆర్ మాత్రం స్థానికుడి పేరు మీద, నెలనెలా అతనికి ముట్టజెప్పాలి. దిగుమతి ఖాతా పాస్‌వర్డ్ క్లియరింగ్ ఏజెంటు దగ్గర. అతని వ్యాపారానికి అతని పేరుతో రికార్డు ఏదీ ఉండదు, బ్యాంకు అప్పు పుట్టదు. పైగా 2004 నాటి 25వ నంబరు చట్టం ఈ ముసుగు వ్యాపారాన్ని నేరమే అంటుంది. పెద్దమనిషి రేపు మనసు మార్చుకుంటే ఇతను ఏ కోర్టుకి పోతాడు?

2019లో వచ్చిన 1వ నంబరు చట్టం అనుమతి తీసుకుని విదేశీయుడు నూటికి నూరు శాతం కంపెనీ పెట్టుకోవచ్చంది. కమర్షియల్ ఏజెన్సీలు మాత్రం మినహాయింపు. గొప్ప మార్పే, ఒప్పుకుందాం. పాత 49 శాతం హద్దుతో పోలిస్తే ఎంతో మేలు. కానీ ఆ దారిన నడవాలంటే పెట్టుబడి, లాయరు, తెలిసిన మనుషులు కావాలి. అవి ఉన్నది మనకి, కొట్టువాడికి కాదు. అక్కడే నాకు కోపం.

ఇక స్వదేశం సంగతి. అక్కడ స్పాన్సర్ లేడుగా, మరి ఏమయింది? విదేశీ వాణిజ్య శాఖలో ఐఈసీ కోడు తీసుకోవాలి, ఫీజు 500 రూపాయలే. జీఎస్టీ వచ్చాక పాన్ నంబరే ఐఈసీ అయింది. తర్వాత డిజిటల్ సంతకం, ఐస్‌గేట్‌లో నమోదు, బ్యాంకు ఏడీ కోడు, మామిడి అయితే అపెడా సభ్యత్వం, మొక్కల ఆరోగ్య పత్రం. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిపితే జగిత్యాల రైతు సంఘం కార్యదర్శి చేతులెత్తేస్తాడు. ఇంకో తమాషా ఉంది. 2021 నుంచి ప్రతి ఏడూ ఏప్రిల్, జూన్ మధ్య ఐఈసీ వివరాలు మళ్ళీ ధృవీకరించాలి. ఏ మార్పూ లేకపోయినా సరే! మర్చిపోతే కోడు ఆగిపోతుంది. ఏప్రిల్, జూన్ అంటే ఏమిటో మామిడి రైతుని అడగండి, ఊపిరి తీసుకునే తీరిక ఉండని రోజులవి.

అందుకే పండు ఇంకెవరి కోడు మీదో ఎగుమతవుతుంది. ఎగుమతిదారు ఆ కోడుదారే. ప్రభుత్వం తిరిగిచ్చే డ్రాబ్యాకు, రోడ్‌టెప్ రాయితీ అతని లెక్కలో పడతాయి. పండించినవాడు తోట దగ్గరే రేటు తీసుకుని ఇంటికి పోతాడు.

రెండు ప్రభుత్వాల నాయకులూ దోహా వస్తారు, మనం శాలువాలు కప్పుతాం, ఫోటోలు దిగుతాం. వాళ్ళని ఈ ఒక్క పని అడిగినవాళ్ళున్నారా? ప్రతి జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఐఈసీ నుంచి ఐస్‌గేట్ దాకా తెలుగులో చెప్పి, పక్కన కూర్చుని నమోదు చేయించే మనిషి కావాలి. ఆ మనిషే మార్చి నెలలో ఫోన్ చేసి ధృవీకరణ గుర్తు చేయాలి. దీనికి కొత్త చట్టమేం అక్కర్లేదు, కోట్లూ అక్కర్లేదు.

"ఏజెంట్లున్నారుగా, ఎందుకీ గోల" అనే మిత్రులకి ఒక మాట. ఏజెంటు ఉండొద్దని ఎవరన్నారు? మన కంపెనీల్లో సర్వరు పాస్‌వర్డు బయటి కాంట్రాక్టరు దగ్గర పెడితే ఒప్పుకుంటామా? సీనియర్ మేనేజర్లుగా మనం ఒప్పుకోనిది కొట్టువాడు, రైతు ఎందుకు ఒప్పుకోవాలి?

ఈసారి మంత్రిగారు వచ్చినప్పుడు శాలువా తెచ్చేవాళ్ళు ఎలాగూ ఉంటారు. ఈ అర్జీ తీసుకెళ్ళడానికి నలుగురు కావాలి. డ్రాఫ్టు నేను రాస్తాను, ఖతార్ వైపు నిబంధనలు తెలిసినవాళ్ళు సరిచూడండి.