బడిపండుగ ఎవరిది?

ప్రతిసంవత్సరమును ఆగస్టు 29వ తేది మనకు రెండు పర్వములను ఒక్కమాఱే కొనివచ్చుచున్నది. 1863లో ఆ దినమున గిడుగు రామమూర్తిపంతులుగారు జన్మించిరి. కావున అది తెలుగుభాషా దినము. 1905లో ఆ దినముననే ధ్యాన్‌చంద్ జన్మించెను; కావున అది జాతీయ క్రీడాదినము. పంతులుగారు సవరల భాషను తాము నేర్చి, ఆ బిడ్డల కొఱకు వారి భాషలోనే వాచకములు రచించి, బడులు పెట్టించిన మహనీయులు. ధ్యాన్‌చంద్ 1928, 1932, 1936 సంవత్సరముల ఒలింపిక్ పోటీలలో స్వర్ణపతకములు గెలిచిన మన హాకీజట్లకు ప్రాణమైనవాడు. పలుకును ఆటయు ఒకే దినమున గౌరవింపబడుట కాకతాళీయమే. అయినను ప్రాథమిక పాఠశాల విషయమున ఆ కాకతాళీయమునందే ఒక సత్యము కలదు. ఆఱేండ్ల బిడ్డకు పలుకు వేఱు, ఆట వేఱు, పాట వేఱు, పండుగ వేఱు కావు. వానిని విడదీసినవారము పెద్దలమే.

ఆ దినమున బడులలో ప్రతిజ్ఞలు చదివింతురు. ఉపన్యాసములు జరుగును. మఱునాడు బంతి బీరువాలోనికి పోవును; తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని జేబులోనికి పోవును. పరిహాసమునకు ఈ మాట వ్రాయుటలేదు. బంతి పోయినచో లెక్క చెప్పవలసినవాడు ఆయనయే గదా!

శాసనము ఏమి చెప్పుచున్నదో చూతము. 2009లో చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదినుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెనని విధించినది. ప్రతి తరగతికిని ఆటవస్తువులు, క్రీడాపరికరములు కావలసినంతమేర సమకూర్పవలెననినది. మంచిమాట. కాని ఆ చట్టముననే మఱియొక పుట త్రిప్పినచో, వ్యాయామమునకును చిత్రకళాదులకును నియమింపవలసిన బోధకుల ప్రస్తావన కానవచ్చును. అది ఆఱవ తరగతినుండి ఎనిమిదవ తరగతి వఱకు గల పాఠశాలలకు మాత్రమే. అందును విద్యార్థులు నూఱుమందికి మించినచోటనే. వారైనను పూర్తికాలపు ఉద్యోగులు కారు. ఒకటవ తరగతినుండి అయిదవ తరగతి వఱకు గల బిడ్డలకు అట్టి బోధకుని ఊసే లేదు. అఱువదిమంది బాలబాలికలకు ఇద్దఱు ఉపాధ్యాయులు అనునదే అచ్చటి లెక్క. ఒక్కరే ఉపాధ్యాయుడున్న బడులు నేటికిని మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఉన్నవి. చట్టము నేలనిచ్చినది, బంతినిచ్చినది. ఆడించు మనిషిని మాత్రము ఈయలేదు. కోడి రామమూర్తినాయుడుగారు తమ దేహబలముచే లోకప్రసిద్ధులు కాకమునుపు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులు. అట్టి గురువు అందఱికన్న ఎక్కువగా ఎవరికి కావలయునో ఆ చిన్నబిడ్డలకే ఆ భాగ్యము లేకపోయినది.

ఇక బడి వార్షికోత్సవములు నడచు తీరు చూడుడు. పదిదినములు ముందుగా నృత్యములకు బిడ్డలను ఏఱుదురు. చుఱుకైనవారు, చూడముచ్చటైనవారు, వేషములకు అద్దె ఈయగలవారు ఎంపికయగుదురు. కూలికిపోవు తల్లి ఆ అద్దె ఈయజాలనిచో ఆమె బిడ్డ కుర్చీలు మోయును. ఆ సాయంకాలము చెవులు చిల్లులువడునట్లు సినిమాపాట మ్రోగును. వేదికపై పదిమంది ఆడుదురు. ఏబదిమంది నేలపై కూర్చుండి చప్పట్లు కొట్టుదురు. క్రీడలును అంతే. కుర్చీలాటలో మొదట ఓడినవాడు మొదటనే వెలుపలికి పోవును. అనగా ఆట ఎవనికి ఎక్కువగా కావలయునో వానికే తక్కువగా దక్కుచున్నది. బహుమతులన్నియు ఏటేట ఆ నలుగురి ఇండ్లకే చేరును. ఇది బడిపండుగయా? బడిలో కొందఱి పండుగ.

మన పెద్దలు ఆటలను ఇట్లు కల్పింపలేదు. చెడుగుడులో సంజీవని యను పద్ధతి కలదు: ఎదుటిపక్షమువాడు ఒకడు పడినంతనే మన పక్షమున పడినవాడు మఱల లేచి వచ్చును. ఓడినవానికి శాశ్వతబహిష్కారము లేదు. వాని పునరాగమనమునకై తోడివారందఱు పోరాడుదురు. కోలాటమున ప్రతివాని కోలకు ఎదుటివాని కోల కావలెను. ఒక్కడు తప్పినచో వలయము తప్పును గనుక, నేర్చినవాడు నేరనివానికి నేర్పక తీరదు. బతుకమ్మచుట్టు తిరుగు వలయములో ముందువరుస లేదు, వెనుకవరుస లేదు; ఇంకొకరు వచ్చినచో వలయము పెద్దదగును, అంతే. సంక్రాంతి ముగ్గున కుంటిబిడ్డయు కూర్చుండి రంగు నింపగలదు. చిన్నబిడ్డల బడికి కావలసిన శాస్త్రము ఇందే కలదు. చూడవచ్చిన పండుగ వేఱు, చేయు పండుగ వేఱు. ప్రాథమిక పాఠశాలకు రెండవదే తగినది.

ఆటపాటలతో చదువు చెడునని తలిదండ్రులు భయపడుదురు. వారి భయము నిర్హేతుకమని మేమనము. బిడ్డ అక్షరము నేర్వక ఇల్లు చేరుట వారికి అనుభవమే. కాని లెక్క చూతము. ప్రాథమిక తరగతులకు చట్టము విధించిన బోధన సంవత్సరమునకు 200 దినములు, 800 గంటలు. అనగా దినమునకు నాలుగు గంటలు. బడి తెఱచియుండు కాలము అంతకు మించియే యుండును. అయిదేండ్లు మొదలు పదునేడేండ్ల వఱకు గల బిడ్డలకు దినమునకు సగటున అఱువది నిమిషములైన గట్టి శరీరశ్రమ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. కావున వేళ లేదనుట సరికాదు. మనసు లేదనుట సరి. చదువును చేతిపనితోను కళతోను జోడించుట మనకు క్రొత్తయు గాదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో గూడి నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల చేసినది ఆ పనియే.

అన్నిటికిని మించిన విషయ మింకొకటి కలదు. 2001 నవంబరు 28వ తేదిని సుప్రీముకోర్టు ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నము పెట్టుడని రాష్ట్రములను ఆజ్ఞాపించినది. ఆ మధ్యాహ్నపు పంక్తిలో పెట్టు వంటకముల మంచిచెడ్డలను గూర్చి మనము తఱచుగ వాదింతుము. ఆ పంక్తియే ఎంతగొప్పదో మఱతుము. ఊరిలో వేఱువేఱు వాడల బిడ్డలు ఒకేవరుసను కూర్చుండి తినుచోటు, ఒకే జట్టున చేతులుపట్టుకొను చోటు, రంజాను సేమియాను క్రిస్మసు నక్షత్రమును సంక్రాంతి గొబ్బెమ్మను ఒకే సంవత్సరమున ఎఱుగుచోటు బడియొక్కటే. అచ్చటను చూచువారు, చేయువారు అని రెండు తెగలు చేసితిమా, ఊరిలోని గోడలను మనచేతులతో మనమే బడిలోనికి మోసినవారమగుదుము.

మఱి ఏమి చేయవలయును? ప్రభుత్వములు ప్రాథమిక పాఠశాలలకును వ్యాయామమునకు, కళలకు బోధకులను ఈయవలెను. ఒక్క బడికి ఒక్కరు సాధ్యము కానిచో నాలుగు బడులకు ఒక్కరినైన ఈయవలెను. బంతి అరుగుటకే కొనబడినదని ఒప్పుకొని, పోయినవస్తువునకు ఉపాధ్యాయుని బాధ్యుని చేయుట మానవలెను. ఇది ప్రభుత్వము పని. ఇక మన పని. పాఠశాల యాజమాన్యసంఘమున నాలుగింట మూడుపాళ్లు తలిదండ్రులే ఉండవలెనని, సభ్యులలో సగము స్త్రీలుండవలెనని చట్టము. ఆ సంఘము సంతకములకే కూడుచున్నచో దోషము చట్టముది కాదు. ఆంధ్రప్రదేశమున 2024 డిసెంబరు 7వ తేదిని ప్రభుత్వ పాఠశాలలన్నిట తలిదండ్రుల సమావేశములు జరిగినవి. ముగ్గులు వేసిన తల్లులును తాడులాగిన తండ్రులును ఆనాడు బడిముంగిట నవ్వుచు కానవచ్చిరి. ఒక్కనాడు చేయగలిగిన పని నెలకొకమాఱు చేయలేమా? ఊరిలో కోలాటపుగురువు ఉండడా? అచ్చనగిల్లలు, వామనగుంటలు నేర్పగల అవ్వ ఉండదా? సాయంకాలము రచ్చబండపై కూర్చుండు యువకులలో చెడుగుడు ఎఱిగినవాడొక్కడు ఉండడా?

గ్రంథాలయములలో ఈ మాటలు చదువుచున్న మిత్రులకు మా విన్నపము ఒక్కటే. మీ సమీపమునగల ప్రాథమిక పాఠశాల ఉత్సవమునకు మిమ్ము ఈ యేడు అధ్యక్షులుగ పిలిచినచో, పూలదండ పుచ్చుకొనకముందు ఒక ప్రశ్న అడుగుడు: 'ఈ బడిలో బిడ్డలెందఱు? నేడు ఆడువారెందఱు?' రెండు అంకెలును ఒక్కటైననాడు ఆ దండకు మీరు అర్హులు. అంతవఱకు బీరువా తాళము తీయించుట మీకును మాకును ముఖ్యకర్తవ్యము.