ఆ పాపకు రెండు మార్కులు ఇయ్యాల్సిందే

నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాత రిటైరైనాక నేర్చుకొన్నది. తప్పులుంటే సర్దుకోండి.

మన స్కాలర్‌షిప్ పరీక్షలో ఒక కంప్యూటర్ ప్రశ్న వచ్చింది. సి భాషలో ఐ విలువ 5. ప్రింట్ఎఫ్‌కు ఐ ప్లస్ ప్లస్, ఐ ప్లస్ ప్లస్ అని రెండుసార్లు ఇస్తే ఏమి వస్తుంది? కీ జవాబు 6 5. ఒక పాప "చెప్పలేము" అని రాసింది. సున్నా వేసినారు. ఆ రెండు మార్కులకే లిస్టులో పేరు పోయింది.

మా మనవడిని కూర్చోబెట్టి నడిపించినాను. జీసీసీలో 6 5 వచ్చింది. క్లాంగ్‌లో 5 6 వచ్చింది, పైగా హెచ్చరిక కూడా! ప్రోగ్రాం అదే.

నేను బుకింగ్ క్లర్కుగా ఉన్నప్పుడు అట్ట టికెట్లు. గొట్టంలో నంబరు వరుసగా ఉండేవి, అడుగు నుంచి ఒక్కోటి లాగేది. ఇద్దరు ఒకేసారి చెయ్యి పెట్టి కాట్పాడికి అడిగితే ముందు ఎవరికి ఇచ్చినా సాయంత్రం క్యాష్ సరిపోతుంది. కానీ కుడిపక్కవాడికి ఏ నంబరు వచ్చిందో చూడకుండా చెప్పమంటే ఎట్లా?

సి భాషలోనూ అంతే. ఫంక్షన్‌కు ఇచ్చేవాటిలో ఏది ముందు లెక్కకట్టాలో 1989 ప్రమాణం నుంచీ కంపైలరుకే వదిలేసినారు. మన ప్రశ్న ఇంకా మోసం. ఒకే ఐని అట్లా రెండుసార్లు మారిస్తే ఏమొచ్చినా భాషకు పూచీ లేదు. సి ప్లస్ ప్లస్ వాళ్లు 2017లో కొంచెం బిగించినారు, ఒకటి పూర్తి కాకుండా ఇంకోటి మధ్యలో చొరబడకూడదని. ఏది ముందో అప్పుడూ చెప్పలేదు. జావాలో మాత్రం ఎడమ నుంచి కుడికి అని గట్టి రూలు. అందులో అడిగుంటే 5 6 అని ధైర్యంగా దిద్దొచ్చు.

"కాలేజీ పేపర్లలో కూడా ఇదే కీ" అని కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. ఆ కుడి నుంచి ఎడమకు పాఠం టర్బో సి కాలపు గైడులది. ఒక కంపైలరు అలవాటును భాష రూలు అనుకొన్నారు. కీ రాసినవారిని నేను తప్పుపట్టను, ఆయనకు నేర్పించిందే అది.

6 5 రాసిన పిల్లల మార్కులు కొయ్యనక్కరలేదు. పాపకు రెండు కలిపి లిస్టు మళ్లీ వెయ్యండి. డబ్బు ఇంకా పంచలేదు కదా. ఆదివారం మీటింగుకు మనవడిని ల్యాప్‌టాప్‌తో పిలుచుకొని వస్తాను, రెండు జవాబులూ అందరూ కళ్లారా చూడండి.