సంపాదకుని మాట: ఒకే ప్రయోగశాల, రెండు మందులు

గర్భిణి వేసుకున్న మందు మావిని దాటి పిండాన్ని చేరి, అవయవాలు ఏర్పడే దశలో వైకల్యం కలిగించగలదని ప్రపంచం గుర్తించడానికి 1961లో బయటపడిన థాలిడోమైడ్ అనే మందు విషాదమే కారణమని సాధారణంగా చెబుతారు. అయితే అంతకు ముందే, 1952లో, అమినోప్టెరిన్ అనే మందు పిండంపై చూపే తీవ్ర ప్రభావాన్ని థియెర్ష్ అనే వైద్యుడు వెల్లడించాడు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, కణవిభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లమనే బి విటమిన్‌ను తయారుచేసిన బృందమే, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌నూ రూపొందించింది. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దానిని రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి తాత్కాలిక ఉపశమనం సాధించాడు. వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాన్ని ఆపే మందు, అంతే వేగంగా పెరిగే పిండాన్నీ దెబ్బతీస్తుంది. 1948లో కన్నుమూసిన సుబ్బారావు, పిండంపై ఆ ప్రభావం వెల్లడి కావడాన్ని చూడలేదు.

ఫోలిక్ ఆమ్లం కథ ఇందుకు భిన్నమైనది. వెన్నెముక, మెదడు సరిగా ఏర్పడని బిడ్డను లోగడ కన్న తల్లులకు గర్భానికి ముందునుంచే దానిని ఇస్తే, ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. వెన్నుపాముగా మారే నాళం పిండం ఏర్పడిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది కనుక, జనగామ జిల్లా చిల్పూర్ వంటి మండలాల్లో నెల తప్పిన తరువాత ఆశా కార్యకర్త అందించే ఐరన్ ఫోలిక్ బిళ్ల రక్తహీనతకు ఎంతో మేలు చేసినా, ఈ లోపాన్ని ఆపడానికి ఆలస్యమవుతుంది. గర్భానికి సిద్ధమవుతున్న స్త్రీలకు ముందుగానే అది అందవలసి ఉంది. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వాడుతున్న స్త్రీలు మాత్రం, గర్భం ధరించాలనుకుంటే, వైద్యుల సలహాతో దానిని ముందుగానే మానాలి.