వీడియో ఆపినా వింటున్నవారు



2020లో లాక్‌డౌన్ వచ్చి మందిరం తలుపులు మూసినప్పుడు మన బుధవారం బైబిల్ క్లాసును జూమ్‌లోకి మార్చుకున్నాం. మందిరం తెరిచాక కూడా దాన్ని ఆపలేదు. ఎందుకో మీకు తెలుసు. మన పిల్లలు హైదరాబాదు హాస్టళ్ళలో ఉన్నారు. మన గోదావరి ఊళ్ళ నుండి వెళ్ళిన అక్కచెల్లెళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసుకుంటున్నారు. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయితే వారికి సాయంత్రం ఆరు. వారిలో కొందరికి వారమంతటిలో దొరికే సంఘ సహవాసం ఇదొక్కటే.

ఈ క్లాసు విషయంలో మేము చేసిన తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఒక దశలో చాలామంది వీడియో ఆపేసి ఉంటున్నారని మాకు విసుగొచ్చింది. నల్లటి గడులకు పాఠం చెబుతున్నట్టు అనిపించింది. వీడియో పెట్టనివారిని తీసేస్తామని అందరి ముందూ అన్నాం. ఒక సహోదరిని పేరు పెట్టి అడిగాం కూడా. ఆమె ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మూడు వారాలు రాలేదు.

తర్వాత పాస్టరమ్మ గారికి ఆమె నుండి వాయిస్ మెసేజ్ వచ్చింది. "అమ్మగారూ, నేను వంటింట్లో రొట్టెలు చేసుకుంటా ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటానండీ. మేడమ్ గారి ఇల్లు వీడియోలో కనబడితే నా పని పోద్దండీ. అయ్యగారికి కోపం వచ్చిందని మానేశాను."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దూరాన ఉన్నవారి కోసం తెరిచిన తలుపును మా చేతులతోనే మూశాం.

అందుకే ఇప్పుడు మా అభిప్రాయం ఇది. ఆన్‌లైన్ క్లాసులో ముఖం చూపించమని ఎవరినీ బలవంతం చేయకూడదు. ఒకరి వెనుక యజమాని ఇల్లుంటుంది, ఒకరి వెనుక రేకుల షెడ్డు ఉంటుంది, ఒకరికి ఆ రోజు డేటా అయిపోవచ్చింది. "మరి వింటున్నారో లేదో ఎలా తెలుస్తుంది?" అని మన పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ముఖం కనబడినంత మాత్రాన వింటున్నట్టు కాదు. మందిరంలో మొదటి వరసలో కునికేవారిని మేము చూడలేదా? నోరు విప్పితే తెలుస్తుంది. నోరు విప్పే అవకాశం ఇవ్వాల్సింది బోధకుడే.

అప్పటి నుండి క్లాసు తీరు మార్చాం. వాక్యభాగాన్ని, ఒక ప్రశ్నను మంగళవారమే వాట్సాప్‌లో పంపుతున్నాం. పది నిమిషాలు చెప్పి ఆపి, ప్రశ్న అడుగుతున్నాం. నెట్ నెమ్మదిగా ఉన్నవారికి మాట ఆలస్యంగా చేరుతుంది కాబట్టి మనసులో పది లెక్కపెట్టేదాకా మేము మాట్లాడం. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించడం కష్టమైంది. మాట్లాడలేనివారు చాట్‌లో ఒక్క ముక్క రాసినా చాలు. ఎవరినీ ఉన్నట్టుండి పేరు పెట్టి నిలదీయం.

ఉచిత జూమ్ నలభై నిమిషాలకు ఆగిపోతుంది. ఒకప్పుడు దాన్ని తిట్టుకున్నాం, ఇప్పుడు మేలే అనుకుంటున్నాం. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రలో జోగి కిందపడ్డాడు. పౌలు మాటలకే నిద్ర వస్తే మా మాటలెంత?

ఇంకో సంగతి, అన్నీ ఒక్కరే చేయకూడదు. ఎజ్రా ధర్మశాస్త్రం చదివినప్పుడు లేవీయులు జనులకు దాని భావం తెలియజెప్పారని నెహెమ్యా గ్రంథంలో చూస్తాం. మన క్లాసులో కూడా ఒక యౌవన సహోదరుడు వచ్చినవారిని లోపలికి చేర్చుకోవడం, గోల వచ్చే మైకులు మ్యూట్ చేయడం, చాట్ చదవడం చూసుకుంటున్నాడు. లైన్ తెగిపోయినవారికి మర్నాడు చిన్న ఆడియో పంపుతున్నాం.

ఇదంతా ముఖాముఖి సహవాసానికి సాటి రాదు. యోహాను కూడా కాగితం, సిరాతో సరిపెట్టుకోక, వచ్చి ఎదురుగా మాట్లాడాలని ఆశించాడు. అయినా ఉత్తరం రాయడం మానలేదు. మన క్లాసు అలాంటి ఉత్తరమే.

ఆ సహోదరిని మేము క్షమాపణ అడిగాం. ఆమె తిరిగి వచ్చింది. మొన్న బుధవారం ప్రశ్న అడిగాక, గిన్నెల చప్పుడు మధ్య అందరికంటే ముందు వినిపించిన జవాబు ఆమెదే.

ప్రియులారా, వచ్చే బుధవారం రండి. వీడియో ఆపుకోవాలంటే ఆపుకోండి. ఒక్కసారైనా మీ గొంతు మాత్రం వినిపించండి.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక!