పరిహారం ఎవరి జేబులోంచి?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురం మీదికి ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి కమ్ముకొచ్చింది. 12 మంది చనిపోయారు. ఒక్కో మృతుడి కుటుంబానికి కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం అదే రోజు ప్రకటించింది. 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఔషధ కర్మాగారంలో 17 మంది మరణించినప్పుడూ అదే అంకె వినిపించింది. ప్రకటన ఎంత త్వరగా వస్తే ప్రభుత్వం అంత మంచిదని మనం అనుకుంటున్నాం. డబ్బు ఇవ్వడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ అది ఖజానా నుంచి వచ్చినప్పుడు, ప్రమాదకర పదార్థాన్ని పెట్టుకుని లాభం సంపాదించినవాళ్లు తీర్చాల్సిన బాకీ మరుగున పడిపోతుంది.

అది బాకీయేనని మన సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని కట్టించుకున్న రిజర్వాయర్ నీరు పక్కవాడి గనిలోకి పొంగితే, అజాగ్రత్త రుజువు కాకపోయినా నష్టం అతడే భరించాలని 1868లో అక్కడి ప్రభువుల సభ చెప్పింది. అయితే దైవఘటన అనో, మూడోవాడు చేసిన పని అనో తప్పించుకునే దారులు మిగిలాయి. భోపాల్ దుర్ఘటన జరిగిన ఏడాదికి, 1985 డిసెంబర్ 4న, ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో 1986 డిసెంబర్ 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్.భగవతి నాయకత్వంలోని అయిదుగురు సభ్యుల ధర్మాసనం ఆ దారులన్నీ మూసేసింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు ఎంత జాగ్రత్త తీసుకున్నామని చెప్పినా సరే, హాని జరిగితే చెల్లించాల్సిందే. పరిశ్రమ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది కావాలని కూడా ఆ తీర్పు చెప్పింది. దీన్నే సంపూర్ణ బాధ్యత అంటున్నాం. అది తీర్పులో పక్కన అన్న మాటే తప్ప కట్టుబడాల్సిన సూత్రం కాదన్న వాదనను 1996లో రాజస్థాన్‌లోని బిచ్చిరీ కాలుష్యం కేసులో సుప్రీంకోర్టే కొట్టేసింది. తప్పు లేకుండానే బాధ్యత ఉంటుందన్న సూత్రాన్ని 2010 నాటి జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టంలోని 17వ సెక్షన్‌లో రాసిపెట్టారు కూడా. విశాఖ ఘటన మర్నాడే కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమని ఆదేశించింది ఆ ట్రైబ్యునలే.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా కుటుంబాల చేతికి వచ్చేది హక్కు కాదు, ప్రకటన. లారీ కింద పడి చనిపోయినవారి సంగతితో పోల్చండి. వారికి మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ ఉంది. వయసు, సంపాదన, ఆధారపడ్డవాళ్ల సంఖ్య చూసి లెక్క కట్టే పద్ధతిని 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు స్థిరపరిచింది. ముప్ఫై రెండేళ్లవాడు పోతే, సొంత ఖర్చులు పోను అతడి వార్షిక సంపాదనను 16తో హెచ్చించాలి. ఆ లెక్క తక్కువైతే పై కోర్టుకు వెళ్లి అడగవచ్చు. ముఖ్యమంత్రి ప్రకటించిన అంకె మీద ఏ కోర్టుకు వెళ్తారు? నిజమే, చిన్న జీతగాడి విషయంలో కోటి రూపాయలు ఆ లెక్కకన్నా ఎక్కువే కావచ్చు. మరి ఊపిరితిత్తులు దెబ్బతిని బతికి బయటపడ్డవాడి సంగతేమిటి? అతడికి ముందుముందు అయ్యే వైద్య ఖర్చును ఏ ప్రకటన లెక్కపెట్టింది?

అరెస్టులు జరిగితే న్యాయం జరిగినట్టే అనుకోవడం ఇంకో పొరపాటు. శిక్ష పడాలంటే ఒక వ్యక్తి నేరాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి. అది కష్టం, కష్టంగానే ఉండాలి. భోపాల్‌లో వేలమంది పోయిన కేసులో 2010లో పడినది రెండేళ్ల శిక్ష. యూనియన్ కార్బైడ్ అధిపతి వారెన్ ఆండర్సన్ విచారణకు రాకుండానే చనిపోయాడు. పరిహారానికి అంత రుజువు అక్కర్లేదు. హాని, దానికి మూలం తేలితే చాలు. రెండింటినీ ఒకే తాడుకు కడితే క్రిమినల్ కేసు నలిగినన్నాళ్లూ పరిహారమూ నలుగుతుంది.

కోర్టులు నెమ్మది, దహన ఖర్చులకు కూడా డబ్బు లేని ఇంటికి తీర్పు వచ్చేదాకా ఆగమనడం క్రూరత్వం అంటారు. ఆగమనడం లేదు. ప్రభుత్వం ఈరోజే ఇవ్వాలి, కానీ ఆ ఉత్తర్వులోనే ఇది అడ్వాన్సు మాత్రమేనని, కంపెనీ నుంచి రాబడతామని, కుటుంబం మిగతా హక్కులు వదులుకోలేదని రాయాలి. ఇంత బరువు వేస్తే పెట్టుబడులు పారిపోతాయన్న వాదన ఇంకా బలహీనం. నష్టం ఎలాగూ జరుగుతుంది, ఎవరో ఒకరు భరిస్తారు. ఫ్యాక్టరీ భరించకపోతే ప్రహరీ గోడ అవతల ఉన్న ఊరు భరిస్తుంది, లేదా పన్ను కట్టేవాళ్లందరూ భరిస్తారు. ట్యాంకులో ఉష్ణోగ్రత పెరగకుండా చూసుకునే శక్తి వీళ్లలో ఒక్క ఫ్యాక్టరీకే ఉంది. ఆ రిస్కుకు బీమా కంపెనీ అడిగే ప్రీమియమే యాజమాన్యాన్ని జాగ్రత్త వైపు నెడుతుంది. అందుకే 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం బీమాను తప్పనిసరి చేసింది. అయితే అందులో మరణానికి మొదట రాసిన మొత్తం 25,000 రూపాయలే; అంతకుమించి అడిగే హక్కు మాత్రం తీసేయలేదు.

కార్మికులకు వేరే చట్టం ఉంది. ఫ్యాక్టరీ బయటివారికి ఈ 1991 చట్టమే తొలి ఆసరా. ప్రమాదం జరిగిందని తెలియగానే కలెక్టరే విచారించి, దరఖాస్తులు పెట్టుకోండని బాధితులకు తెలిసేలా ప్రచారం చేయాలని అందులోని 5వ సెక్షన్ చెబుతోంది. ఆ దరఖాస్తులు మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి, దరఖాస్తుకు గడువు అయిదేళ్లు. కాబట్టి ఈసారి ఏ పారిశ్రామికవాడలో సైరన్ మోగినా విలేకరులు ముఖ్యమంత్రిని ఎంత ఇస్తున్నారని అడగడంతో పాటు, కలెక్టర్‌ను కూడా రెండు ప్రశ్నలు అడగాలి: 5వ సెక్షన్ కింద ప్రకటన ఎప్పుడు వేస్తున్నారు? ఆ కంపెనీ బీమా పాలసీ ఎక్కడుంది?