బండిని తిట్టడం ఆపుదాం, కుళాయి అడుగుదాం

రోడ్డు పక్కన తిన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మనం వెంటనే బండివాళ్ల మీద పడతాం. "వాళ్లకు శుభ్రత తెలియదు" అంటాం. ఆ మాట వెనక పేదల మీద, చాలాసార్లు వాళ్ల కులం మీద, మనకున్న చిన్నచూపే కనిపిస్తుంది.

పానీపూరీ నీళ్లలో ఈ-కోలి బ్యాక్టీరియా దొరికిందంటే అందులో మలం కలిసిందని అర్థం. కడగని చేతి నుంచి రావచ్చు, మురుగు చేరిన పైపు నుంచీ రావచ్చు. పొద్దుటి నుంచి ఒకే బకెట్టు నీళ్లలో ప్లేట్లు ముంచే అక్కకు దగ్గరలో కుళాయి లేదు, మరుగుదొడ్డీ లేదు. సబ్బు కొనుక్కుంటుంది, నీళ్లెక్కడ తెస్తుంది?

పచ్చిగుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ 2024 అక్టోబరులో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో ఏడాదిపాటు నిషేధించాయి. సాల్మొనెల్లా ముప్పు నిజమే, నిషేధం మంచిదే. కానీ నిషేధానికి ఒక్క సంతకం చాలు. కుళాయికి డబ్బు పెట్టాలి.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులే, వాళ్లలో మూడో వంతు మహిళలే ఉండాలి. బెంగళూరైనా, చెన్నైయైనా, ముంబైయైనా, బరంపురమైనా, యానామైనా, మనమున్న ఊళ్లో ఆ కమిటీ ఎక్కడ?

యువతీ యువకులారా, కళ్లముందు వేడిగా వండినదే తినండి. చల్లారి ఈగలు వాలినది వద్దు. అయితే అంతటితో ఆగకండి. దాహమైనవారికి నీళ్లివ్వాలని ఆదివారం బోధించే మనం సోమవారం వార్డు ఆఫీసుకు వెళ్లి ఆ నీళ్లే అడగాలి. మన సంఘాల్లో బండి నడిపే తల్లులున్నారు. వాళ్లు ముందు నడవాలి, మనం వెనక నిలవాలి.