గేదె చిక్కినది చలికేనా?

పుష్యమాసం వచ్చేసరికి విస్సన్నపేట ప్రాంతపు గ్రామాలలో ఒక మాట తరచు వినబడుచుండును: "ఈ చలికి గేదె బక్కచిక్కిపోయిందండీ." రైతు సోదరులు నొచ్చుకొనకుందురుగాక, మన గేదెలు చాలవరకు చలికి చిక్కుట లేదని నా అభిప్రాయం. చలిపై నేరం మోపి, అసలు కారణాన్ని వెదకుట మనం మానివేసినాము.

మంచు కురిసే దేశాలలో గుఱ్ఱాలు శీతకాలంలో చిక్కుటకు చలి కొంత నిజమైన కారణమే. తిన్న మేతలో కొంతభాగం ఒంటివేడి నిలుపుకొనుటకే ఖర్చగును. అయినను అక్కడివారు చలియని ఊరకుండరు. దట్టంగా పెరిగిన వెండ్రుకలు ప్రక్కటెముకలను కప్పివేయును గనుక చేతితో తడిమి చూతురు. గుఱ్ఱపు పుష్టికి 1 నుండి 9 వరకు మార్కులు వేసే పద్ధతిని 1983లో అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి చెందిన హెన్నెకె ప్రకటించినారు. వారు పండ్లు చూతురు, పేడ పరీక్ష చేయింతురు, ఎండుగడ్డి పెంచుదురు. మంచు ఎరుగని మన ఊళ్ళలో ఆ మాత్రం పరిశీలన మనకు వలదా?

ఇక్కడి కారణాలు చూడండి. మన గేదెలలో ఎక్కువభాగం వానాకాలం చివర, చలికాలం మొదట ఈనును. ఈనిన క్రొత్తలో పాలు ఎక్కువ, మేత తినే శక్తి తక్కువ. సరిగా అప్పుడే గట్లమీది పచ్చిక ఎండిపోవును. మామిడి పూతకు వచ్చును. తేనెమంచు పురుగుకు మందు చల్లిన తోటలో పశువును మేపరాదు, ఆ గడ్డి కోసి వేయరాదు. ఇక గాడిలో మిగిలేది వరిగడ్డి. అందులో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్ళు మాత్రమే. పొట్ట నిండును గాని ఒళ్ళు నిండదు.

రెండవది కార్జపు జలగ. చెరువు అంచులలో, నీరు నిలిచిన పల్లాలలో నత్తల ద్వారా గడ్డిని చేరి, గడ్డితో పశువు కడుపులో ప్రవేశించును. వానాకాలంలో సోకినది చలికాలంలో బయటపడును. దవడ క్రింద నీరు దిగుట, కనురెప్పల లోపలి భాగం పాలిపోవుట, పారుట దీని గుర్తులు. నేను వ్యవసాయాధికారినే గాని పశువైద్యుడను కాను. కనుక మందు పేరు వ్రాయను. పిడికెడు తాజా పేడ పొట్లం కట్టి పశువుల ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి. పరీక్ష చేయించక బలపు మందు సీసాలు కొని పోయుట డబ్బు దండుగ.

పశువు చిక్కినట్లు కన్ను ఆలస్యంగా గుర్తించును. టేపు ముందే చెప్పును. ముంగాళ్ళ వెనుక ఛాతీ చుట్టుకొలతను అంగుళాలలో తీసి, దానిని దానితోనే హెచ్చవేయవలెను. భుజపు ఎముక నుండి పిరుదు ఎముక వరకు గల పొడవుతో మరల హెచ్చవేసి, 660 చేత భాగించిన బరువు సుమారుగా కిలోలలో వచ్చును. చుట్టుకొలత 72, పొడవు 60 అంగుళాలైన బరువు 471 కిలోలు. చుట్టుకొలత 70కి తగ్గిన 445 కిలోలు. రెండు అంగుళాలలో 26 కిలోలు పోయినవి!

"మేత వేయుటకు భూమి ఎక్కడిది?" అని కౌలు రైతు అడుగును. న్యాయమైన ప్రశ్నయే. వరిగడ్డిని బాగుచేయుటకు భూమి అక్కరలేదు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ పట్టా కప్పి మూడు వారాలు ఉంచవలెను. తీసిన గడ్డిని ఘాటు పోవువరకు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరునెలలలోపు దూడలకు పెట్టరాదు. యూరియాను కుడితిలో గాని దాణాలో గాని నేరుగా కలుపరాదు, అది ప్రాణాంతకం. పాలిచ్చే గేదెకు దాణాతోపాటు రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వవలెను. కాస్త పదును గలవారు వరి కోతకు ముందే పిల్లిపెసర చల్లుకొనవలెను.

తప్పు రైతుదే అనుట అన్యాయం. వరికి, మామిడికి సభలు జరిపే మావంటి అధికారులం పశుగ్రాసాన్ని పంటగా ఎంచుట అరుదు. గ్రామ ఉద్యోగులు వానాకాలంలోనే ఊరి పశువుల లెక్క చూచి, మేత విత్తనం ఎంత కావలెనో అడిగి పంపిన చలికాలపు కష్టం సగం తగ్గును.

చిక్కిన గేదె సకాలంలో ఎదకు రాదు. ఎదకు రాని గేదెను సంక్రాంతి ఖర్చులకు అయినకాడికి అమ్మిన రైతు, దానితోపాటు ఇంటి పాడిని అమ్ముకొన్నట్లే. అమ్మబోయే ముందు నోరు చూడండి, పేడ చూపించండి, గాడి చూడండి. చలి సంగతి ఆ తరువాత ఆలోచింతము.